దేవరాజులు చెప్పిన ఒకే ఒక్క నిజం

తిరుపతి స్టేషను బయట జట్కాలు బారులు తీరి నిలబడే ఆ రోజుల్లో అన్ని గుర్రాలూ కాళ్ళతో నడిచేవి. దేవరాజులు గుర్రం మాత్రం అతని నోటితో నడిచేది. బండెక్కిన యాత్రికుడికి గుర్రం నడుస్తోందో నిలబడిందో తెలిసేది కాదు. కథలోనుంచి తల పైకెత్తేసరికి అలిపిరి వచ్చేసేది.

"ఈ గుర్రం ఉండాదే, దీన్ని ఒకసారి చంద్రగిరి దారిలో అదిలించినాను సామీ. ఇది ఊరు చేరినాక గడియసేపటికి దీని నీడ రొప్పుకుంటా వచ్చింది" అనేవాడు. అలిపిరి దగ్గర ఒక కోతి రోజూ తన బండెక్కేదనీ, బాడుగ ఇవ్వాల్సి వస్తుందని దిగే చోటుకు ముందే దూకేసేదనీ చెప్పేవాడు. చిత్తూరు నుంచి వచ్చిన వకీళ్ళు కూడా కడుపు పట్టుకుని నవ్వి, దిగేటప్పుడు ఆ కోతి ఎక్కడుందని అటూ ఇటూ చూసుకునేవాళ్ళు. కొండ మీదికి బస్సులు తిరగడం మొదలైన కొత్తలో మిగతా జట్కావాళ్ళు దిగులుపడితే దేవరాజులు పడలేదు. "బస్సుకి చక్రాలుండాయి గానీ నాలికుందా అబ్బా?" అన్నాడు.

ఆ నాలుకకు లొంగని మనిషి తిరుపతిలో ఒక్కతే ఉండేది. అతని కూతురు సిద్ధమ్మ. ఐదో తరగతి.

నాలుగేళ్ళ వయసులో నాయన కథ చెబుతుంటే నోరు తెరుచుకుని వినేది. ఆరేళ్ళప్పుడు "మళ్ళా చెప్పు నాయనా" అనేది. పదేళ్ళు వచ్చాక, పలకా బలపం పక్కన పెట్టి ఒకరోజు అడిగింది. "నీడ వెనకబడిందంటివే, అప్పుడు సూర్యుడు యాడున్నాడు నాయనా?"

దేవరాజులు ఆ రాత్రి సంగటి సరిగా తినలేదు. భార్య భారతమ్మ ఏమైందని అడిగితే, "సూర్యుణ్ణి గురించి ఆలోచిస్తాండా" అన్నాడు.

అతను కూతురికి చెప్పిన వందల కథల్లో ఒకటి మాత్రం నిజం. అదే అతని ప్రాణానికి వచ్చింది.

అతనికి పదేళ్ళప్పుడు అక్క తాయమ్మను పులికాట్ చెరువు ఒడ్డున ఉండే ఒక పల్లెకు ఇచ్చారు. పెళ్ళికూతురి బండి వెనకాల, బడి ఎగ్గొట్టి, దేవరాజులు వెళ్ళాడు. మాఘమాసం. అక్కడ తెల్లవారుజామున ఒక వింత చూశాడు. నీళ్ళ మీద గులాబీ రంగు ఇసుకదిబ్బ. ఆ దిబ్బ లేచి ఎగిరింది. వేలకు వేలు కొంగలు, మనిషంత పొడుగు కాళ్ళు, రెక్క విప్పితే లోపల నిప్పు. ఆకాశం ఆ చివర నుంచి ఈ చివరకు ఎర్రబడింది. తిరిగొచ్చి ఆ సంగతి బడిలో చెప్పాడు. అప్పటి అయ్యవారు, బడి ఎగ్గొట్టినందుకు రెండు, అబద్ధం చెప్పినందుకు నాలుగు అని లెక్కపెట్టి బెత్తంతో వాయించాడు. దేవరాజులు పలక అక్కడే పెట్టి ఇంటికి వచ్చేశాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఎవరైనా అడిగితే, "నాకు బడి చాల్లేదప్పా" అనేవాడు. లోపల మాత్రం అతనికి ఒక సంగతి రూఢి అయిపోయింది. నిజం చెబితే వీపు వాస్తుంది. అబద్ధం చెబితే జనం నవ్వుతారు, పైగా టీ తాగిస్తారు. ఆ తర్వాత అతను నిజాల జోలికి పెద్దగా పోలేదు.

ఆ గులాబీ కొంగల కథ ఒక్కటీ కూతురికి చెప్పకుండా ఉండలేకపోయాడు. సిద్ధమ్మ అంతా విని, చిన్నగా నవ్వి, పెద్దవాళ్ళు పిల్లల తల నిమిరినట్టు నాయన భుజం తట్టింది.

"బాగుండాది నాయనా. కోతి కథ కంటే బాగుండాది."

ఆ మాట అతన్ని బెత్తం దెబ్బకంటే గట్టిగా తాకింది. అయ్యవారు నమ్మకపోతే బడి మానేయొచ్చు. కూతురు నమ్మకపోతే ఏం మానేయాలి?

చూపించడమొక్కటే దారి. కానీ బడికి సెలవులు ఇచ్చినప్పుడల్లా జనం పిల్లాజెల్లతో కొండకు వస్తారు. అప్పుడు జట్కావాడికి తల గోక్కునే తీరిక ఉండదు. ఎండాకాలం సెలవుల్లో చూపిద్దామంటే అప్పటికి పులికాట్ నీళ్ళు ఇగిరిపోయి నేల బీటలు వారుతుంది, కొంగలు ఎటో వెళ్ళిపోతాయి. రథసప్తమి సందడి తగ్గి శివరాత్రి ఇంకా రాని ఆ నడుమ రోజుల్లోనే బండికి పని తక్కువ, కొంగలకు నీళ్ళు ఎక్కువ. బడి మాత్రం నిండుగా నడుస్తుంటుంది.

దేవరాజులు తలపాగా చేత్తో పట్టుకుని హెడ్మాస్టరు శాంతయ్య దగ్గరికి వెళ్ళాడు. శాంతయ్య మంచివాడు. ఆదివారం గుడిలో పాటలు పాడేవాడు, సోమవారం అదే గొంతుతో ఎక్కాలు చెప్పించేవాడు.

"వారం దినాలు పిల్లోళ్ళను ఊరికి తీసకపోతాను సామీ."

"ఎందుకు?"

"కొంగల్ని చూసేదానికి."

శాంతయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "దేవరాజులూ, ఐదో తరగతి దాకా నిలబడిన ఆడపిల్ల నా బడిలో నీ కూతురొక్కతే. వచ్చే నెలలో ఇన్‌స్పెక్టరు వస్తాడు. కొంగలంట కొంగలు! ఎముక విరిగితే తప్ప నా దగ్గరికి సెలవంటూ రావద్దు."

మరునాడు ప్రార్థన గంట కొట్టకముందే దేవరాజులు మళ్ళీ వచ్చాడు.

"విరిగింది సామీ."

"ఏం విరిగింది?"

"పాప చెయ్యి. రాత్రి బండి మింద నుంచి పడింది. కుడి చెయ్యి సామీ, రాసే చెయ్యి." రాసే చెయ్యి అంటే సెలవు గట్టిగా దొరుకుతుందని అతని తెలివి. ఆ తెలివే తర్వాత మెడకు చుట్టుకుంది.

శాంతయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఇంకా ఈడ నిలబడినావే! పుత్తూరు పో, పుత్తూరు! కట్టు కట్టించు!"

ఆ సీమలో విరిగిన ఎముకకు వేసే పుత్తూరు కట్టుకు ఉన్న మర్యాద కలెక్టరుకు కూడా లేదు. కొట్టుకున్నవాళ్ళు, చెట్టెక్కి పడ్డవాళ్ళు, ఎద్దు కుమ్మినవాళ్ళు ఎవరైనా పుత్తూరు అన్నారంటే పెళ్ళి ముహూర్తమైనా ఆగేది. బడి ఆగదా?

"పిల్లోణ్ణి కూడా తీసకపోతా సామీ."

"గోవిందు చెయ్యి కూడా విరిగిందా?"

"లేదు సామీ. అక్క అరిస్తే వాడు అరుస్తాడు. ఈడ పెట్టి పోతే మీ బడి సాగదు."

శాంతయ్యకు సిద్ధమ్మ తమ్ముడు, ఒకటో తరగతి గోవిందు గొంతు తెలుసు. వెంటనే ఒప్పుకున్నాడు.

ఇంట్లో మాత్రం సిద్ధమ్మ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. గోడకు ఆనుకుని, విరగని రెండు చేతులూ కట్టుకుని నిలబడింది.

"అయ్యోరికి అబద్ధం చెప్పినావా? నా చెయ్యి విరిగిందని చెప్పినావా?"

"కొంగల్ని చూపిస్తా పాపా."

"లేని కొంగలకి లేని కట్టా?"

దేవరాజులు ఆమె ముందు చతికిలబడ్డాడు. "సరే, ఒక మాట. ఆడ కొంగలు లేకుంటే నేనే వచ్చి మీ అయ్యోరి ముందర గుంజీలు తీస్తా. ఈ జన్మలో ఇంక కథ చెప్పను. బండి తోలేటప్పుడు నోట్లో తమలపాకు పెట్టుకుని కూర్చుంటా."

భారతమ్మ పొయ్యి దగ్గర నుంచి, "ఆ మాట మింద నిలబడయ్యా, ఊరు సుఖపడతాది" అంది. కానీ పెట్టెలోంచి తన పెళ్ళి చీర తీసి దులపడం మొదలుపెట్టింది. అలిపిరి తప్ప ఇంకే దిక్కూ చూడని మనిషి. కొంగలున్నా లేకపోయినా ప్రయాణం ఉంటుందని ఆమెకు అర్థమైంది.

తెల్లారి చుక్క పొడిచినప్పుడు జట్కా కదిలింది. బండిలో గడ్డి, గడ్డి మీద బొంత, బొంత మీద రాగిసంగటి ముద్దల గంప, వేయించిన చెనిక్కాయల మూట. చంద్రగిరి మించి దూరం పోయి ఎరగని గుర్రం ప్రతి మైలురాయి దగ్గరా ఇక చాలనుకుని ఆగేది. దారి పక్కన ఒక తోటలో బెల్లం వండుతుంటే దిగారు. గానుగ దగ్గరి ముసలాయన పిల్లలకు చెరకుపాలు పోసి, పెనంలో అడుగంటిన వేడి బెల్లం చెరకుముక్కకు చుట్టి ఇచ్చాడు. గోవిందు రెండు బుగ్గలకూ బెల్లం పూసుకుని ఆ రోజంతా ఈగలతో యుద్ధం చేశాడు. ఎన్నేళ్ళు గడిచినా, బెల్లం వాసన వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో అందరికీ ఆ దారే గుర్తొచ్చేది.

పుత్తూరు దగ్గర దేవరాజులు బండి ఆపాడు. "చెప్పిన అబద్ధంలో సగమన్నా నిజం చెయ్యాల" అన్నాడు.

తాటాకు పందిరి కింద జనం బారులు తీరి ఉన్నారు. కట్టుకు కావలసిన కోడిగుడ్లు ఎవరివి వాళ్ళే తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. దేవరాజులు కూడా నాలుగు గుడ్లు కొని కూతురి చేతికిచ్చి కూర్చోబెట్టాడు. కట్టు కట్టే పెద్దాయన వచ్చి సిద్ధమ్మ కుడిచెయ్యి పట్టుకుని, భుజం నుంచి వేళ్ళ దాకా మెల్లగా నొక్కి చూశాడు. ఇంకోసారి నొక్కాడు. తర్వాత దేవరాజులు ముఖం చూశాడు.

"ఏమప్పా, ఈ చెయ్యి ఎప్పుడు విరగబోతాది?"

పందిరంతా నవ్వింది. దేవరాజులు పెద్దాయనను పక్కకు పిలిచి, బడి, సెలవు, కొంగలు అన్నీ చెప్పి, "ఊరికే ఒక కట్టు కట్టండి సామీ" అని బతిమాలాడు.

"మా తాతల కాలం నుంచి విరిగిన ఎముకకే ఈ మందు. మంచి ఎముకకు పూస్తే మందుకి సిగ్గు" అన్నాడు పెద్దాయన. కాస్త ఆలోచించి, "గుడ్లుండాయి గదా, ఉడకేసుకుని తినిపో. గుడ్డ కావాలంటే నీ తలపాగా ఉండాది. మందు మాత్రం అడగొద్దు" అని తర్వాతి మనిషి కాలు పట్టుకున్నాడు.

సిద్ధమ్మ బండెక్కుతూ, "ఆయనే మేలు నాయనా, నిజం చెప్పినాడు" అంది. దేవరాజులు గుర్రాన్ని అదిలించాడు. నాగలాపురం దాటి సత్యవేడు వెళ్ళేదాకా కథలు చెప్పాడు గానీ అవి గుర్రానికి చెప్పాడు.

పులికాట్ ఒడ్డుకు చేరేసరికి మూడో రోజు పొద్దు వాలింది. అక్క తాయమ్మ ఎదురొచ్చి తమ్ముణ్ణి వాటేసుకుని, పిల్లలకు దిష్టి తీసి, రొయ్యల పులుసు పెట్టింది. సిద్ధమ్మ తినకుండా గట్టు మీదికి పరుగెత్తింది. దేవరాజులు వెనకాలే వెళ్ళాడు.

నీళ్ళు. కనుచూపుమేర నీళ్ళు. వాటి మీద బూడిదరంగు ఆకాశం. మూలగా రెండు నల్ల నీటికాకులు. అంతే.

"కొంగలేవి నాయనా?"

దేవరాజులు నోరు తెరిచాడు. కోతిని, నీడను, గుర్రాన్ని అలవోకగా పుట్టించే ఆ నోట్లోంచి ఒక్క మాట రాలేదు. పదేళ్ళ పిల్లవాడుగా తను చూసింది కలేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది. ఆనాటి అయ్యవారు కొట్టింది న్యాయమేనేమో!

తాయమ్మ కొడుకు ఎల్లప్ప పడవవాడు. వలలు ఆరబెడుతూ, "మొన్నటి దాకా ఈడనే ఉండినాయి మామా. నీళ్ళు లోతయి ఆ ఇసుక తిట్టు పక్కకి పోయినట్టుండాయి. పొద్దన్నే పోదాం పట్టు" అన్నాడు.

"మీ నాయన మాట విని వస్తిరా!" అంటూ తాయమ్మ మేనకోడలి జడ సర్దింది. "వీడు పుట్టినప్పుడు ఏడవలేదు, కథ చెప్పినాడు." అందరూ నవ్వారు. దేవరాజులు నవ్వలేదు. అది చూసి సిద్ధమ్మ కూడా నవ్వడం ఆపేసింది.

ఇంకా మసక ఉండగానే పడవ కదిలింది. ఎల్లప్ప వెనక నిలబడి గడ వేస్తున్నాడు. భారతమ్మ పెళ్ళి చీర తడవకుండా మోకాళ్ళ మీదికి లాక్కుని, గోవిందును ఒళ్ళో బిగించి పట్టుకుంది. అందరి నోళ్ళలోంచీ చలికి ఆవిరి వస్తోంది. తూర్పున తెల్లబడ్డాక దూరంగా నీళ్ళ మీద సన్నగా, పొడుగ్గా ఎర్రమట్టి దిబ్బ కనిపించింది.

"ఆ దిబ్బ దగ్గర దిగి ఎనక్కి పోదాం నాయనా" అంది సిద్ధమ్మ మెల్లగా. నాయన పరువు కాపాడాలని అన్నట్టుంది ఆ గొంతు. "గుంజీలు వద్దులే. నేనేం అయ్యోరికి చెప్పను."

ఎల్లప్ప గడతో పడవ అంచును టకటకా కొట్టాడు.

దిబ్బ కదిలింది. ఒక చివర నుంచి మడత విప్పినట్టు లేచింది. ముందు కాళ్ళు నీళ్ళ మీద పరుగెత్తిన చప్పుడు, ఆ వెనక రెక్కల హోరు. తెల్లటి రెక్కల కింది నిప్పురంగు ఒక్కసారిగా తెరుచుకుని, అప్పుడే పైకి వస్తున్న పొద్దును కమ్మేసి, పడవ మీదుగా, భారతమ్మ చీర మీదుగా, గోవిందు తెరిచిన నోటి మీదుగా నీడలు పరుగెత్తాయి. వాటి నీడలు వాటితోనే వెళ్ళాయి, ఒక్కటి కూడా వెనకబడలేదు.

భారతమ్మ దండం పెట్టింది. దేవరాజులు కొంగల్ని చూడలేదు. కూతురి ముఖమే చూస్తున్నాడు. సిద్ధమ్మ తల దించకుండానే, చేత్తో వెతుక్కుని నాయన చొక్కా పట్టుకుంది. ఒడ్డుకు చేరేదాకా వదల్లేదు.

తిరుగు ప్రయాణంలో వడమాలపేట దాటాక బండి ఆపి, దేవరాజులు తన తలపాగా చించాడు. నాలుగు వెదురుబద్దలు చీల్చాడు. కంటికి కనిపించిన ఆకల్లా నూరి, గుడ్డు తెల్లసొనతో కలిపి కూతురి కుడిచేతికి పట్టించి, మోచేయి దాకా బిగించి కట్టాడు. సిద్ధమ్మ ఈసారి పేచీ పెట్టలేదు. కట్టు కంటికి కనిపించకముందే ముక్కుకు తెలిసేది. గుడ్డు వాసన అట్లాంటిది.

మరునాడు దేవరాజులు పిల్లల్ని బడి దగ్గర దించి, గుర్రానికి గడ్డి వేసే నెపంతో కిటికీ బయట నిలబడ్డాడు.

శాంతయ్య ఎదురొచ్చి కట్టు చూసి, "పాపం బిడ్డ" అన్నాడు. "కట్టు ఊడేదాకా నువ్వు పలక ముట్టొద్దు. కూర్చుని విను, చాలు."

తోటి పిల్లలంతా లెక్కలు రాస్తున్నారు. సిద్ధమ్మ ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఓర్చుకుంది. రాయకుండా కూర్చోవడం ఆ పిల్లకు చేతకాని పని. పైగా లోపల కొంగలు ఎగురుతున్నాయి. లేచి నిలబడింది.

"సామీ, నా చెయ్యి విరగలేదు. మేము పులికాట్ పోయినాము. ఆడ కొంగలుండాయి, వేలకి వేలు. రెక్క ఇప్పితే లోపలంతా గులాబీ. అన్నీ ఒక్కసారే లేస్తే ఆకాశం ఎర్రంగా అయిపోయింది సామీ. మా నాయన చెప్పింది నిజమే."

తరగతి ఘొల్లుమంది. ఒకటో తరగతి బెంచీ మీద నుంచి గోవిందు లేచి, "అవును సామీ, నేనూ చూసినా!" అని అరిచాడు. ఇంకా పెద్దగా నవ్వారు.

శాంతయ్య కోప్పడలేదు. దగ్గరికి వచ్చి ఆమె నుదురు ముట్టుకుని చూశాడు. "కట్టు సలుపుతుందని ఊడబీకించుకునేదానికి చూస్తాండావు. ఇంత పచ్చిగా మందు కనిపిస్తాంటే విరగలేదంటే నమ్ముతానా? కొంగలంట, ఎర్రాకాశమంట. దేవరాజులు కూతురివి అనిపించినావమ్మా."

కిటికీ బయట దేవరాజులు చేతిలోని గడ్డి కింద పడింది. ఎన్నో ఏళ్ళ నాటి బెత్తం వీపు మీద చుర్రుమంది. తలుపు దాకా వెళ్ళాడు. బడి గడప. పదేళ్ళప్పుడు దిగి మళ్ళీ తొక్కనన్న గడప. తొక్కాడు. లోపలికి వచ్చి చేతులు జోడించాడు.

"పాప చెప్పింది నిజం సామీ. చెయ్యి విరగలేదు. అబద్ధం చెప్పింది నేను. కొంగలుండేది నిజం."

శాంతయ్య అతన్ని చూశాడు, కట్టును చూశాడు, కళ్ళద్దాలు తీసి ఆపుకోలేక నవ్వాడు. "నువ్వు సాక్షి చెబితే ఇంక నమ్మినట్టే దేవరాజులూ! పో అప్పా, పో. బిడ్డకు బాగయ్యేదాకా కట్టు కదిలించొద్దు."

సాయంత్రం సిద్ధమ్మ బండిలోపల కూర్చోలేదు. ముందుకు వచ్చి నాయన పక్కన బండి బల్ల మీద కూర్చుంది. ముఖం గంటు పెట్టుకుని ఉంది.

"నిజం చెప్తే నమ్మలేదు నాయనా."

"నాకు బెత్తం కూడా పడింది పాపా. నీకు పడలేదు గదా."

"అందుకేనా నువ్వు బడి మానింది?"

దేవరాజులు కళ్ళెం సర్దుకున్నాడు. ఆ ప్రశ్నకు అతని దగ్గర మంచి జవాబులు ఇరవై దాకా ఉండేవి. ఒక్కటీ వాడలేదు. "అందుకే" అన్నాడు.

"నేను మాననులే" అంది సిద్ధమ్మ.

స్టేషను దగ్గర చిత్తూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం బండెక్కింది. లావుపాటి ఆసామి, ఆయన భార్య, సామాను. అలవాటు ప్రకారం గుర్రం కదిలింది, దేవరాజులు నాలుక కదిలింది. ఆ రోజు మాత్రం కోతిని పిలవలేదు, కొంగల్ని పిలిచాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆసామి అంతా విని తొడ చరిచి నవ్వాడు.

"బలే కోస్తావప్పా! ఎర్రాకాశమా? ఏం పాపా, మీ నాయన చెప్పేది నిజమేనా?"

సిద్ధమ్మ వెనక్కి తిరిగింది. గుడ్డు వాసన గుప్పుమనేలా కట్టు కట్టిన చెయ్యి ఆయన ముక్కు ముందు పెట్టింది.

"నిజమే సామీ. నేను ఒకదాని కాలు పట్టుకుంటి. అది నన్ను చెరువు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఎత్తుకపోయి దించింది. దిగేటప్పుడు విరిగిందే ఈ చెయ్యి."

ఆసామి నవ్వు ఆగిపోయింది. కట్టు వైపు చూశాడు. "అయ్యో బిడ్డా" అని భార్య వైపు తిరిగాడు. "పుత్తూరు కట్టే. చూడు, పాపం."

దేవరాజులు చెర్నాకోల ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. గుర్రం ఎటు పోవాలో తెలియక వెనక్కి తిరిగి చూసింది. అలిపిరి వచ్చేదాకా ఆ బండిలో కథ చెప్పింది సిద్ధమ్మే.